రేకు ఎంత వాలింది?

ఆ ప్రయోగశాలలో డైరెక్టరు దగ్గర్నుంచి గేటు దగ్గర వాచ్‌మన్ దాకా అందరూ ఆమెను పిన్ని అనే పిలిచేవారు. నిజానికి ఆమె అక్కడ ఎవరికీ పిన్ని కాదు. సొంత అక్క అదే భవనంలో రెండో అంతస్తులో పనిచేస్తోంది గానీ, ఆ అక్కకు పిల్లలు లేరు కాబట్టి ఆ లెక్కన కూడా కాదు. ఇరవై రెండేళ్ల కిందట ఎవరో ఒకాయన నోరు జారి అలా పిలిచాడు, అదే ఖాయమైపోయింది. మొదట్లో కొన్నాళ్లు మొహం మాడ్చుకుని చూసింది, ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత తనే ఫోనెత్తి "పిన్నిని మాట్లాడుతున్నా" అనడం మొదలుపెట్టింది.

పిన్ని పని రాళ్లకు సానపట్టడం. మామూలుగా సానపట్టిన రాళ్లు ఉంగరాల్లోకి పోతాయి. పిన్ని పట్టే రాయి ఆవగింజంత ఉంటుంది, బూడిద రంగులో ఉంటుంది, ఎవరి వేలికీ పనికిరాదు. కింది అంతస్తులో రెండు నిలువుల ఎత్తున్న ప్రెస్సు ఒకటుంది. దాన్ని నడిపే ప్రెస్సాయన ఆ గింజను అందులో పెట్టి, కొలిమిలాంటి వేడిలో, భూమి లోపల ఉండేటంత బరువు దాని నెత్తిన మోపి, రెండు రోజులపాటు మెల్లగా ఒక పక్కకు నెడతాడు. నెట్టడం అయ్యాక దాన్ని చొక్కా గుండీ అంత జిగురుబిళ్లలో పోతపోసి, ఎటు నెట్టాడో బిళ్ల వెనక పెన్నుతో బాణం గుర్తు గీసి, పిన్నికి పంపుతాడు. పిన్ని దాన్ని అద్దంలా అరగదీస్తుంది. ఎక్స్‌రే యంత్రం ఆ అద్దంలోకి చూసి, రాయి లోపలి సన్నని రవ్వలు, అంటే పలుకులు, ఎటు తిరిగి పడుకున్నాయో చెబుతుంది. ఆ లెక్క పట్టుకుని అక్క కూర్చుంటుంది.

ఇంతకీ ఆ గింజ భూమి అడుగున ఉండే అసలు ఖనిజం కూడా కాదు. అసలుది పైకి తెస్తే బతకదట. అందుకని ఆ ఖనిజానికి వరసకు తమ్ముడయ్యే ఇంకోదాన్ని, అలాంటి పోలికే, అలాంటి బుద్ధే ఉన్నదాన్ని, తెచ్చి ఆ స్థానంలో కూర్చోబెడతారు. పెళ్లిపీటల మీద తప్ప ఇంకెక్కడైనా ఇది చెల్లుతుందని అక్క అంటుంది.

అక్క చూసేది భూకంపాల అదుర్లు. భూగోళం ఒక పక్క కంపిస్తే ఆ తరంగం మూడువేల కిలోమీటర్ల లోతుదాకా దిగి, మళ్లీ పైకొచ్చి, ఇంకో పక్క ఉన్న యంత్రం మీద గీత గీస్తుంది. ఆ అడుగున రాయి పారుతూ ఉంటుంది. పారడమంటే నీళ్లలా కాదు, మన గోళ్లు పెరిగేంత తీరిగ్గా. అలా కోట్ల ఏళ్లు పారిన రాతిలో పలుకులన్నీ దువ్విన జుట్టులా ఒకే వైపుకు పడుకుంటాయి. ఇక అందులోంచి వెళ్లే అదురుకు దువ్విన వైపు ఒక వేగం, దువ్వెనకు అడ్డంగా ఇంకో వేగం. తేడా రెండు మూడు సెకన్లు ఉంటుంది. ఆ రెండు మూడు సెకన్ల మీద అక్క ముప్పై ఏళ్లు కూర్చుంది.

పెద్ద సముద్రం కింద, బాగా అడుగున, ఒకచోట పక్కలకు ఊగే తరంగం ముందొస్తుంది, పైకీ కిందికీ ఊగేది వెనకబడుతుంది. ఇందులో ఎవరికీ పేచీ లేదు. దీన్నిబట్టి అక్కడ రాయి పక్కకు పారుతోందని అక్క చెప్పింది. కాదు, పైకి లేస్తోందని గుండు మేష్టారు అన్నాడు. ఈయన వేరే సంస్థలో పనిచేసేవాడు, తల మీద వెంట్రుక లేదు. అదురు దువ్విన వైపే జోరుగా పోతుందన్న నమ్మకం మీద అక్క లెక్క నిలబడింది. అడ్డంగానే జోరుగా పోతుందనుకుంటే అవే సెకన్లు, అదే గీత, రాయి మాత్రం పైకి లేస్తున్నట్టు లెక్క. ఇద్దరిలో ఎవరిది రైటో తేల్చాల్సింది రాయే. పందొమ్మిదేళ్ల కిందట మూడు వందల మంది ఉన్న సభలో గుండు మేష్టారు మైకు ముందుకొచ్చి, "మేడంగారు తరంగాలను చదివారు. రాయిని మాత్రం ఊహించుకున్నారు" అన్నాడు. జనం గొల్లున నవ్వారు. అక్క కూడా నవ్వింది. ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండా మంచం మీద కూర్చుని, "రాయిని తెస్తా" అంది.

తేవడానికి పందొమ్మిదేళ్లు పట్టింది. పద్నాలుగు గింజలు ప్రెస్సులోనే పేలిపోయాయి. పేలినప్పుడల్లా రెండో అంతస్తులో టీకప్పులు ఎగిరిపడేవి, అక్క పెన్ను కింద పెట్టి "పోయింది" అనేది. పదిహేనోది నిలిచింది. అప్పటికి అక్క రిటైర్‌మెంటుకు నాలుగు నెలలుంది. పదహారో గింజకు టైము లేదు. అక్క మాట నిలబడి ఇంటికెళ్తుందా, ఆ నవ్వు చెవిలో పెట్టుకునే వెళ్తుందా అన్నది ఈ గుండీ అంత బిళ్ల మీద ఉందని పిన్నికి బాగా తెలుసు. అందుకే ఆరు రోజులు ఊపిరి బిగబట్టి అరగదీసింది.

ఎక్స్‌రే యంత్రం పక్క భవనంలో ఉంది. దాని ముందు క్యూ కట్టి ఆరు వారాలైతే గానీ ఒక పూట దొరకలేదు. ఆ పూట పదకొండు గంటలకు. పది యాభై రెండుకు పిన్ని బిళ్లను చివరిసారి వెలుతురులో పెట్టి చూసింది. ముందు వైపు అద్దమే. వెనక మాత్రం సానచక్రం నూనె మరక ఒకటుంది. ఇలాంటి బిళ్ల తీసుకెళ్తే ఎక్స్‌రే అమ్మాయి మూతి ముడుస్తుంది. పిన్ని దూదికి స్పిరిట్ అద్ది చక్కగా తుడిచింది. మరక పోయింది. దాంతోపాటు బాణం కూడా పోయింది.

"ఓరి దేవుడోయ్" అంది పిన్ని, గదిలో ఎవరూ లేకపోయినా, మెల్లగానే.

బిళ్ల గుండ్రంగా ఉంది. గుండ్రంగా ఉన్నదానికి అటూ ఇటూ ఏముంటుంది! తల్లకిందులుగా చూసింది, పక్కనుంచి చూసింది, ఏ పక్కనుంచి చూసినా బిళ్ల బిళ్లలాగే ఉంది.

బల్ల మీద, పెన్నుల గ్లాసు పక్కన, నాన్న డబ్బా ఉంది. అక్కాచెల్లెళ్ల నాన్న నగల రాళ్లకు సానపట్టేవాడు. ఒక్కో రాయి ఒక వైపునుంచి చూస్తే నీలంగా, ఇంకో వైపునుంచి చూస్తే కడిగిన గిన్నెలా ఉంటుంది. అందుకని పైకి ఏ ముఖం రావాలో చూసుకుని సిరాచుక్క పెట్టుకునేవాడు. చుక్క చెరిగిందా, ఇక ఆ రాయిని ముట్టుకునేవాడు కాదు. "తెలియదు" అని కాగితం అంటించిన బిస్కెట్ల డబ్బాలో పడేసి, వేరే రాయి తీసేవాడు. మర్నాడు పొద్దున్నే, తీరిగ్గా, కొత్త రాయిని చూసినట్టు దాన్ని మొదట్నుంచీ చూసేవాడు. చుక్కను గుర్తుంచుకుని మళ్లీ పెట్టినవాడు ఆయన కొట్లో రెండో రోజు ఉండేవాడు కాదు. కొట్టు ఎత్తేశాక పిన్ని తెచ్చుకున్నది ఆ డబ్బా ఒక్కటే. ఈ ఇరవై రెండేళ్లలో అందులో ఒక్క రాయి కూడా వేయాల్సిన అవసరం రాలేదు, ఆ మాట అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెప్పుకుంటుంది.

గడియారం చూసింది. పది యాభై ఆరు. డబ్బాలో వేస్తే ఇంకో ఆరు వారాలు. "ఇటే కదా, కిటికీ వైపు ఉండేది" అనుకుని పెన్ను తీసి గీసేసింది. గీస్తున్నంతసేపూ చెయ్యి వణకలేదు. తర్వాత దాన్నే తల్చుకుని సిగ్గుపడింది.

సాయంత్రానికి లెక్క వచ్చింది. అదురు దువ్విన వైపే జోరుగా పోతుందట. అక్క రైటు.

అక్క తెరవైపు చాలాసేపు చూసి, "ఊఁ" అంది. అంతే. పందొమ్మిదేళ్ల కోసం ఒక చిన్న అరుపైనా అరుస్తుందేమోనని ప్రెస్సాయన గుమ్మం దగ్గర నిలబడి ఎదురుచూశాడు. చూసి చూసి టీ తాగడానికి వెళ్లిపోయాడు.

ఇంట్లో మాత్రం సంగతి వేరు. అక్కాచెల్లెళ్లిద్దరిదీ ఒకటే ఇల్లు, రెండు గదులూ ఒక వంటిల్లూ. మర్నాడు పొద్దున్నే స్నానాలగదిలోంచి పాట వినబడింది. పిన్ని పక్కింటి రేడియో అనుకుంది. రేడియో అంత అపస్వరం పాడదని కాసేపటికి తట్టింది. ఆ వారంలో అక్క ఎనిమిదేళ్లుగా కారుతున్న కొళాయిని బాగు చేయించింది, కిటికీకి కొత్త తెర కొంది, చిందిన పాలు చూసి "పోతే పోయాయిలేవే" అంది. పిన్ని భయపడి ఆమె నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. జ్వరం లేదు.

పేపరు రాయడం మొదలైంది. "రేకు ఎంత వాలిందో చూసి చెప్పవే" అంది అక్క. "ఆ ఒక్క అంకె వేస్తే పంపేయొచ్చు."

రేకంటే, నెట్టకముందు గింజ మధ్యలో నిటారుగా నిలబెట్టే బంగారు రేకు, వెంట్రుకకన్నా సన్నం. గింజను పక్కకు నెడితే అదీ వాలుతుంది. ఎంత వాలిందో దాన్నిబట్టి రాయి ఎంత నలిగిందో చెప్పొచ్చు. ప్రెస్సాయన తన చిట్టాలో "ఎంత నెట్టినా ముప్పై డిగ్రీలు దాటదు" అని ముందే రాసిపెట్టుకున్నాడు.

నాలుగో రోజు పిన్ని బిళ్లను సూక్ష్మదర్శిని కింద పెట్టి, తను గీసిన బాణాన్ని కంటి గాజులోని అడ్డగీతకు సరిగ్గా కలిపి, కన్ను ఆనించింది. రేకు బాణానికి అడ్డంగా నిలబడి, కాస్త ఒరిగి ఉండాలి. అది ఒరిగి లేదు. బస్సులో నిద్రపోయే మనిషిలా దాదాపు బాణం మీదే పడుకుని ఉంది. వాలు కొలిస్తే అరవై ఒకటి వచ్చింది.

అరవై ఒకటి ఎలా వస్తుంది? ప్రెస్సు అంత నెట్టలేదు. రేకు అబద్ధం చెప్పదు. ఇక మిగిలింది బాణం. దాన్ని పావు చుట్టు తిప్పి చూస్తే అన్నీ వాటి చోట్లలో బుద్ధిగా కూర్చుంటున్నాయి. పావు చుట్టు తిప్పితే దువ్విన వైపు అడ్డమవుతుంది, అడ్డం దువ్విన వైపవుతుంది, గుండు మేష్టారు రైటవుతాడు.

పిన్ని స్టూలు మీదే కూర్చుని, సూక్ష్మదర్శిని దీపం ఆపి, మళ్లీ వేసి, మళ్లీ చూసింది. రేకు ఇంకా పడుకునే ఉంది.

"చూశావా?" అంది అక్క ఆ సాయంత్రం.

"దీపం మాడిపోయిందక్కా. రేపు చూస్తా."

"సరే."

అయిదో రోజు కళ్లు నీళ్లు కారుతున్నాయంది. ఆరో రోజు ఆ గదిలో గోడలకు సున్నం వేస్తున్నారంది. ఏడో రోజుకు ఏమీ దొరక్క "మర్చిపోయా" అంది. అక్క ప్రతిసారీ "సరే" అని పేపరు ముందేసుకుని కామాలు దిద్దుకుంటూ కూర్చునేది. ముందురోజు తీసేసిన కామాను పెట్టేది, పెట్టినదాన్ని తీసేది. ఇంత చాదస్తం ఎక్కడైనా ఉంటుందా అని పిన్ని మనసులో విసుక్కుంది, ఆ విసుగు మీద కొంచెం ఊరట కూడా పడింది. అంకె వేయకుండా పేపరు పోదు. పేపరు పోనంతకాలం పాట ఆగదు.

అరవై ఒకటని చెప్పేస్తే ఏం పోతుందన్న ఆలోచన కూడా వచ్చింది. రాకపోతే ఆమె మనిషే కాదు. చిట్టా ఎవడు తిరగేస్తాడు? బిళ్ల ఎవడు తిప్పి చూస్తాడు? అక్క పరువుతో ఇంటికెళ్తుంది, రాయి పారేవైపు పారుతుంది. ఎనిమిదో రోజంతా ఆ ఆలోచనతోనే కూర్చుంది. కూర్చున్నంతసేపూ బల్ల మీది డబ్బా ఎదురుగానే ఉంది. మధ్యాహ్నం దాన్ని తీసి బీరువాలో పెట్టింది. సాయంత్రం మళ్లీ తెచ్చి బల్ల మీదే పెట్టింది.

తొమ్మిదో రోజు ఆదివారం. అక్క బట్టలు ఇస్త్రీ చేస్తోంది, పిన్ని మడతలు పెడుతోంది. సభలో మాట్లాడ్డానికి వేసుకోవాల్సిన కోటు బల్ల మీదికొచ్చింది. అక్క దాని కాలరు మీద నీళ్లు చిలకరిస్తూ కూనిరాగం తీస్తోంది. పిన్ని ఇక ఆగలేకపోయింది.

"అక్కా, బాణం నేనే గీశా."

ఇస్త్రీపెట్టె ఆగలేదు. కాలరు మీద అటూ ఇటూ తిరిగి, చేతిదాకా వచ్చింది.

"తెలుసు" అంది అక్క.

"ఏం తెలుసు?"

"ప్రెస్సాయన బాణానికి తోక దగ్గర మూడు ఈకలుంటాయి. ఆయనకదో సరదా. పేపర్లో వేద్దామని ఆ సాయంత్రం బిళ్లకు ఫొటో తీశా. ఈకల్లేవు. నీ బాణం చిన్నప్పట్నుంచీ బోసిగానే ఉంటుంది."

పిన్ని చేతిలో తువ్వాలు మడత విప్పుకుని కిందికి జారింది. "అంటే మొదటి రోజు నుంచీ తెలిసే…"

"గీశావని తెలుసు. తప్పు గీశావని తెలీదు. తప్పేనా?"

"తప్పే. పావు చుట్టు."

అక్క ఇస్త్రీపెట్టెను నిలబెట్టి ప్లగ్గు పీకింది. కోటు ఒక చెయ్యి మాత్రమే ఇస్త్రీ అయింది.

"మరి నువ్వే వెళ్లి రేకు చూసుకోవచ్చు కదక్కా? సూక్ష్మదర్శిని నీకు కొత్తా?"

"చూస్తే తెలిసిపోతుంది కదే."

ఆ మాటకు పిన్నికి ఏడుపొచ్చేసింది. ఏడుస్తూనే తిట్టింది. "నువ్వూ ఒక శాస్త్రవేత్తవేనా? నన్ను రోజూ చూశావా చూశావా అని పీక్కుతిన్నావు! నాన్నుంటే ఇద్దరినీ కొట్లోంచి గెంటేసేవాడు."

"నిన్ను ముందు గెంటేవాడు" అంది అక్క. "నువ్వెందుకు అయిదు రోజులు దాచావు?"

"నువ్వు పాడుతున్నావు."

"నేను పాడానా?"

"ఘోరంగా."

పాడిన సంగతి అక్కకు నిజంగానే తెలిసినట్టు లేదు. కుర్చీలో కూలబడి, కోటును ఒళ్లో పెట్టుకుని, కాలరు కేసి చూస్తూ అంది: "తొమ్మిది రోజులు నేను రైటేనే. పందొమ్మిదేళ్లలో తొమ్మిది రోజులు. బాగుంది. ఇలా ఉంటుందని నాకు తెలీదు."

"నా వల్లే ఇదంతా."

"రాయి అలా తిరిగి పడుకోవడం నీ వల్ల కాదుగా. దాని ఇష్టం అది. నీ వల్ల వచ్చింది ఈ తొమ్మిది రోజులే." అక్క కళ్లు తుడుచుకోలేదు, అలాగే వదిలేసింది. "పాలు పొంగుతున్నట్టున్నాయి, చూడు" అంది.

పాలు పొయ్యి మీద లేవు. పిన్ని అయినా లేచి వంటింట్లోకి వెళ్లి, ఖాళీ పొయ్యి ముందు కొంచెంసేపు నిలబడి వచ్చింది.

సోమవారం పొద్దున అక్క కొత్త లెక్క వేసింది. బాణాన్ని తిప్పడమంటే కంప్యూటర్లో ఒక అంకె మార్చడమే. పదకొండు నిమిషాలు పట్టింది. అదురు దువ్వెనకు అడ్డంగానే జోరుగా పోతుందని తేలింది. అంటే అక్కడ రాయి పైకి లేస్తోంది, గుండు మేష్టారు చెప్పినట్టే. అక్క "ఊఁ" అంది. మొదటిసారి అన్న "ఊఁ"కీ దీనికీ తేడా లేదని గుమ్మంలో నిలబడ్డ ప్రెస్సాయన తర్వాత అందరితో అన్నాడు. పిన్నికి తేడా వినబడింది.

అక్క ఫోను తీసి స్పీకర్లో పెట్టి బల్ల మీద ఉంచింది. అట్నుంచి ముసలిగొంతు "హలో" అంది.

అక్క తనెవరో చెప్పుకుని, వెన్ను నిటారుగా పెట్టి, సభలో నిలబడ్డట్టే అంది: "మీరు చెప్పిందే రైటు మేష్టారూ. నాది తప్పు. అది చెబుదామనే చేశాను."

పిన్ని బల్ల అంచు పట్టుకుంది. ముసలాయన నవ్వితే మాత్రం ఫోను తీసి కిటికీలోంచి పారేద్దామని నిశ్చయించుకుంది.

"ఏ విషయంలో అమ్మా?" అన్నాడు గుండు మేష్టారు.

అక్క ఫోను మీదికి వంగింది.

"ఏమనుకోకండి" అన్నాడాయన. "నేను ఆ లోతులు వదిలేసి పన్నెండేళ్లయింది. ఇప్పుడు బావులు చూస్తున్నాను. నీళ్ల బావులు. మీతో నాకేదైనా గొడవైందా?"

పిన్నికి ఒళ్లు మండిపోయింది. ఆ ఒక్క మాట కోసం పద్నాలుగు గింజలు పేలాయి, పందొమ్మిదేళ్లు పోయాయి, ఈయనకు గుర్తే లేదు. అక్క మొహం చూడ్డానికే భయమేసింది. చూసేసరికి అక్క భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందనుకుంది. కాదు, నవ్వుతోంది. చప్పుడు లేకుండా, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, కళ్లమ్మట నీళ్లు కారేలా నవ్వుతోంది.

"గొడవ కాదు మేష్టారూ, ప్రశ్న" అంది చివరికి. "మంచి ప్రశ్న. మీకు తీరిక ఉందా? మొదట్నుంచీ చెబుతా."

ఆయనకు బోలెడంత తీరిక ఉంది. అక్క కుర్చీ దగ్గరికి లాక్కుని చెప్పడం మొదలుపెట్టింది. పెద్ద సముద్రం, ముందొచ్చే తరంగం, వెనకబడేది, దువ్విన జుట్టు. ఆయన ఎందుకు రైటో ఆయనకే వివరంగా, ఎక్కడా తడబడకుండా, ఆ మాట మొదట తనే అన్నంత హుషారుగా చెప్పింది. ఎవరైనా కొత్తవాళ్లు విని ఉంటే, ఓడినావిడ ఈవిడేనంటే నమ్మేవాళ్లు కాదు. గుండు మేష్టారు మధ్యమధ్యలో "ఆహా", "అలాగా" అంటున్నాడు. ఒకసారి మాత్రం, "మరి ఆ రోజు నేనేమన్నాను?" అని అడిగాడు. "ఏదో అన్నారులెండి" అంది అక్క.

"రేకు ఎంత వాలింది?" అని ఆయన అడిగింది అప్పుడే.

అక్క ఫోనుకు చెయ్యి అడ్డం పెట్టి పిన్ని వైపు తిరిగింది. "ఎంతే?"

"ముప్పై ఒకటి" అంది పిన్ని వెంటనే.

అక్క ఆమెకేసి అలాగే చూసింది. "గుర్తుండి చెబుతున్నావా, చూసి చెబుతున్నావా?"

పిన్ని మెట్లు దిగి తన గదికి వెళ్లింది. బిళ్లను సూక్ష్మదర్శిని కింద పెట్టి, దీపం వేసి, కన్ను ఆనించి, మొదట్నుంచీ కొలిచింది. ఇరవై తొమ్మిది.